మతిమరపు వృద్ధుల శుభ్రత సేవ: మన ప్రాంతములో దాని చరిత్ర



శతాబ్ది సంచికలలో సాధారణముగా ఆలయముల కట్టడమును గూర్చియు, బడుల స్థాపనను గూర్చియు, మిషనెరీ దొరల ప్రయాణములను గూర్చియు వ్రాయుదురు. అవి వ్రాయదగిన సంగతులే. అయితే మన మధ్య ప్రతి దినము జరుగుచున్న ఒక సేవకు చరిత్ర వ్రాసినవారు అరుదు. మంచము పట్టిన వృద్ధుని మలమూత్రములు ఎత్తి, ఒళ్లు తుడిచి, పొడిబట్ట కట్టు సేవ అది. ఆ వృద్ధునికి మతి నిలకడగా ఉన్నయెడల పని కష్టమైనను సాగిపోవును. మతిమరపు జబ్బు ముదిరి, దగ్గరకు వచ్చినది కూతురో, కోడలో, ఆయాయో తెలియని స్థితిలో ఉన్నయెడల అతడు చేయి విదిలించును, గిల్లును, కొరుకును, నోటికి వచ్చినట్లు తిట్టును. తడిసిన బట్టతోనే పడియుండును గాని విప్పనియ్యడు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలోను చుట్టు గ్రామములలోను గృహదర్శనము చేయు ప్రతి గురువునకు ఈ సంగతి తెలియును. వెనుక గది తలుపు దగ్గరగా వేసియుండును. "అబ్బ పండుకొన్నాడు లెండి అయ్యగారూ" అని ఇంటివారు ముందు గదిలోనే ప్రార్థన ముగింపజూచుదురు. ఆ తలుపు వెనుక వాసనయు, సిగ్గును, కొన్ని ఇండ్లలో మంచపు కోడుకు కట్టిన గుడ్డపేలికయు ఉండును.

ఈ సేవ మన ప్రాంతములో ఎట్లు నడచివచ్చినది, దానిని ఎవరు చేసిరి, ఏమి నేర్చుకొనిరి అను సంగతిని ఈ వ్యాసములో వివరించెదను. చెప్పదలచిన ముఖ్యాంశము ఒక్కటే. వృద్ధుని ఎదిరింపు భయము వలనను సిగ్గు వలనను పుట్టును. దానిని బలముచేత అణచిన చోట శుభ్రతయు నిలువదు, మనిషి మర్యాదయు నిలువదు.

మిద్దె ఇండ్ల కాలము

మన పెద్దల కాలములో ఈ ప్రాంతపు ఇండ్లు ఎక్కువగా నాపరాళ్లు పరచిన మట్టిమిద్దెలు. పల్లెటూరి ఇంటిలో మరుగుదొడ్డి అను మాటయే లేదు. పురుషులు చెంబు పట్టుకొని వంక దారి పట్టుదురు. స్త్రీలు తెల్లవారకముందే నలుగురు కలిసి కంపచెట్ల చాటునకు పోవుదురు. ముసలివారు లేవలేని స్థితికి వచ్చినప్పుడు నులకమంచమును వసారాలోనికో, గొడ్ల చావిడి ప్రక్కకో మార్చుదురు. క్రింద బూడిద గాని ఇసుక గాని పరచి, పాత చీరగుడ్డలు నాలుగు మడతలు వేసి, తడిసినప్పుడెల్ల మార్చుదురు. ఈ పని కోడలిది. కోడలు లేనిచోట ఇంటనున్న కూతురిది. పురుషులు ఈ పనికి చేయి వేసినట్లు వినుట అరుదు.

ఆ జబ్బునకు ప్రత్యేకమైన పేరు లేదు. చాదస్తము అనిరి, మతి చెడినది అనిరి, రెండవ బాల్యము అనిరి. రాత్రులు లేచి తిరుగుచు కేకలు వేయువారికి గాలి సోకినదని తాయెత్తు కట్టించినవారును గలరు. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశములో సగటు ఆయుష్షు 32 ఏండ్ల ప్రాంతమే. కలరాను, మశూచిని, కరువును దాటి ఎనుబది యేండ్లు బ్రదికినవారు తక్కువ. కావున అది ఊరికి ఒకరిద్దరికి వచ్చు దురవస్థగా కనబడెను. నేడు సగటు ఆయుష్షు 70 ఏండ్ల ప్రాంతమునకు చేరినది. ఆనాడు ఊరికి ఒక ఇంట ఉన్న కష్టము నేడు వీధి వీధిన కనబడుచున్నది.

ఆ కాలమును గూర్చి ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. నేడు ఎనుబది యేండ్ల వయస్సున ఉన్న మన పల్లెల తల్లులలో అనేకులు తమ జీవితములో ఎక్కువ భాగము ఇంటి కప్పు క్రింద మలవిసర్జన చేసి ఎరుగరు. అన్నము వండు ఇంటిలో, పండుకొను మంచము మీద ఆ పని చేయుట వారి దృష్టిలో మైల, అవమానము. మతిమరపు జబ్బు ఉదయము తిన్న సంగటిని మరపించును గాని చిన్ననాడు ఒంటికి పట్టిన అలవాటును, సిగ్గును అంత త్వరగా తుడిచివేయదు. మంచము మీద పాను పెట్టినప్పుడు అవ్వ బిగుసుకొనిపోయి, పాను తీసిన తరువాత బట్టలలో పోసికొనుట మనకు విసుగు పుట్టించును. ఆమె తన జీవితమంతయు పాటించిన మర్యాదను అప్పుడును పాటించుచున్నది.

జమ్మలమడుగు ఆసుపత్రి

లండను మిషనెరీ సొసైటీవారు 1810లో బళ్లారిలోను, 1822లో కడపలోను పని ప్రారంభించిరి. 19వ శతాబ్దపు మధ్యభాగము నుండి మాలపేటలవారు కుటుంబములు కుటుంబములుగా సంఘములో చేరిరి. మన సంఘములలో అనేకముల పునాది ఆ పేటలలోనే పడినది. 1890ల దశాబ్దములో డాక్టరు టి.వి. క్యాంబెల్ దొరగారు జమ్మలమడుగులో వైద్యసేవ నెలకొల్పిరి. ఆయన పేరుననే ఆ ఆసుపత్రి క్యాంబెల్ ఆసుపత్రి అని పిలువబడుచు వచ్చెను. పెన్నా ఒడ్డున ఉన్న ఆ పట్టణమునకు రోగులు ఎద్దులబండ్ల మీదను, ముద్దనూరు రైలుస్టేషను మీదుగాను వచ్చుచుండిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మిషను పని దానిలో కలిసెను.

మిషను ఆసుపత్రులు మందులతో పాటు మరియొక క్రొత్త సంగతిని మన దేశమునకు తెచ్చెను. అది శిక్షణ పొందిన నర్సింగు. ఫ్లారెన్సు నైటింగేలు 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో బడి ప్రారంభించిన తరువాత, రోగి ఒళ్లు తుడుచుట, ప్రక్క మార్చుట, బెడ్‌పాను పెట్టుట అనునవి ఒక విద్యగా నేర్పబడుచు వచ్చెను. ఆ విద్యలో బెడ్‌పానునకు ఒక క్రమము గలదు. మొదట తెర వేయవలెను. చేయబోవు పనిని రోగికి చెప్పవలెను. పానును వేడినీటితో కడిగి, తుడిచి, చల్లదనము పోయిన తరువాత తేవలెను. దుప్పటి లాగివేయక దాని క్రిందనే పని జరుపవలెను. ముందు నుండి వెనుకకు తుడిచి, తడి లేకుండ చేసి, చేతులు కడుగుకొనవలెను. చూచుటకు ఇవి చిన్న సంగతులు. అయితే మలమును ఎవరు ముట్టవలెనో కులము నిర్ణయించిన దేశములో, చదువుకొన్న స్త్రీ తెల్లబట్టలు ధరించి ఆ పానును చేతపట్టుట చిన్న సంగతి కాదు.

ఇచ్చట చరిత్రను ఉన్నదున్నట్లు చెప్పవలెను. పై కులములవారు నర్సింగును మైలపనిగా తలంచిరి. అందువలన దక్షిణ భారతములో మొదటి తరముల నర్సులలో అత్యధికులు క్రైస్తవ స్త్రీలే. 1946లో భోర్ కమిటీ ఇచ్చిన లెక్క ప్రకారము దేశములో 43,000 మంది జనులకు ఒక్క నర్సు మాత్రమే ఉండెను. ఇంత కొరతలో నర్సమ్మ మందులు, సూదులు, కట్లు చూచుకొనగా, పాను ఎత్తు పని ఆయాకును తోటికిని జారెను. ఆ పనికి వచ్చినవారు బీద స్త్రీలు, విధవరాండ్రు, మన పేటలవారు. నర్సమ్మకు పటములో చోటు దొరికినది. ఆయాకు పటమును లేదు, నివేదికలో పేరును లేదు.

అయినను ఆ స్త్రీలు ఒక విద్యను సంపాదించిరి. అక్షరము రాని ఆయా కూడ ఏ అవ్వ ఏ వేళకు కదలునో, ఏ తాత బట్ట అంచు నలుపుచున్నయెడల ఏమి కావలెనో గుర్తించును. ఏ గొంతుతో పిలిచిన పలుకుదురో, ఏ చేయి తగిలిన భయపడుదురో ఎరుగును. ఈ ఎరుకను ఎవరును పుస్తకములో వ్రాసికొనలేదు. తల్లి నుండి కూతురికి, పాత ఆయా నుండి క్రొత్త ఆయాకు చేతులతోనే అందినది.

ఈ మూడు పట్టణముల వైద్యచరిత్ర ఒకదానితో ఒకటి అల్లుకొనియున్నది. డాక్టరు వై.ఎస్. రాజశేఖర రెడ్డిగారు వైద్యవిద్య ముగించిన తరువాత కొంతకాలము జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో తమ తండ్రి రాజారెడ్డిగారి పేరున 70 పడకల ధర్మాసుపత్రిని స్థాపించిరి. అయితే ఆసుపత్రి స్వభావము ఒకటి గలదు. కాన్పునకో, జ్వరమునకో, శస్త్రచికిత్సకో రోగి వచ్చును, బాగుపడి వెళ్లును. ఎన్నడును బాగుపడని మతిమరపు వృద్ధునికి అచ్చట ఎక్కువ దినములు మంచము లేదు. అతడు మరల ఇంటి వెనుక గదికే చేరెను.

జబ్బునకు పేరు వచ్చుట

మన పల్లెలలో దీనిని చాదస్తము అనుచున్న కాలముననే జర్మనీలో దీనికి వైద్యులు పేరు వెదకుచుండిరి. 1901లో ఫ్రాంక్‌ఫర్టు పట్టణపు మానసిక చికిత్సాలయములో అగుస్టె డేటెర్ అను 51 ఏండ్ల స్త్రీ చేర్చబడెను. డాక్టరు అలోయిస్ ఆల్జైమర్ భర్త పేరు అడుగగా ఆమె తన పేరు చెప్పెను. పరీక్షింపబోయిన వైద్యులను చూచి కేకలు వేసి ఎదిరించెను. 1906 ఏప్రిలులో చనిపోవునాటికి కాళ్లు ముడుచుకొని, మంచములోనే మలమూత్రములు పోవుచు, ఎంత చూచుకొన్నను పడకపుండ్లు పడినదై యుండెను. ఆ సంవత్సరము నవంబరు 3న ఆల్జైమర్ ఆమె సంగతిని ట్యూబింగెన్ పట్టణములో వైద్యుల సభకు వివరించెను. 1910లో క్రెపెలిన్ అను ఆచార్యుడు ఆ జబ్బునకు ఆల్జైమర్ పేరు పెట్టెను. డిమెన్షియా అను మతిమరపు జబ్బులలో ఇది ముఖ్యమైనది.

మొట్టమొదటి రోగి చరిత్రలోనే ఎదిరింపు, మలమూత్రముల పట్టు తప్పుట, పడకపుండు మూడును ఉన్నవని గమనించుడి. మెదడులోని మార్పులను గూర్చి పండితులు వాదములకు దిగిరి. కడుగు విధమును గూర్చి ఆలోచించుటకు లోకమునకు చాల కాలము పట్టెను.

1935లో ఇంగ్లండులో డాక్టరు మార్జొరీ వారెన్ అను స్త్రీ వెస్ట్ మిడిల్‌సెక్సు ఆసుపత్రిలో ఏడువందలకు పైగా దీర్ఘరోగుల బాధ్యతను స్వీకరించెను. ఏండ్ల తరబడి మంచములకే వదలివేయబడిన వారిలో అనేకులను లేపి నడిపింప వీలగునని ఆమె చూపెను. 1962లో డోరీన్ నార్టన్ అను నర్సు తన తోటివారితో కలిసి వృద్ధుల నర్సింగును గూర్చి పరిశోధన ప్రకటించెను. పడకపుండు ఎవరికి పడునో ముందుగా గుర్తించుటకు ఆమె పెట్టిన అయిదు గుర్తులలో మలమూత్రముల పట్టు తప్పుట ఒకటి. 1980లలో అమెరికా నర్సింగు హోములలో జాక్ ష్నెల్ మొదలగువారు నియమిత వేళలలో వృద్ధుని పలుకరించి, పోవలెనా అని అడిగి, తోడు పోయి, పోయి వచ్చినప్పుడు మెచ్చుకొను పద్ధతిని పరీక్షించిరి. చాల మందికి తడియుట తగ్గెను. 1997లో టామ్ కిట్‌వుడ్ అను ఆంగ్ల పండితుడు, మతి పోయినను మనిషి మనిషిగానే ఉండునని, మంచి మనస్సుగల సేవకులు కూడ తొందరవలనను బలవంతము వలనను ఆ మనిషిని తగ్గించివేయుదురని విశదపరచెను.

2004లో ఫిలిప్ స్లోన్ మొదలగువారు ప్రకటించిన పరిశోధన మనకు మిక్కిలి ఉపయోగకరము. 15 నర్సింగు హోములలో స్నానము వేళ తిరుగబడు 73 మంది వృద్ధులను తీసికొనిరి. కొందరికి వారి ఇష్టానిష్టములను అనుసరించి మెల్లగా స్నానము చేయించిరి. కొందరికి మంచము మీదనే వెచ్చని తడి తుండ్లు కప్పి, ఒంటిని కప్పియుంచియే తుడిచిరి. రెండు విధములలోను కొట్టుట, తిట్టుట మొదలైనవి సగమునకు పైగా తగ్గెను. పాత నర్సింగు క్రమములో దుప్పటి తీయక పాను పెట్టుమని నేర్పిన సంగతియే ఇచ్చట మరల ఋజువైనది.

ఎందుకు ఎదిరించుదురు?

పగటివేళ ఒక అపరిచితుడు వచ్చి మాటాడకుండ మన బట్ట లాగినయెడల మనము ఊరకుందుమా? మతిమరపు వృద్ధునికి ప్రతి పూట అట్లే జరుగుచున్నది. ముందటి పూట కడిగిన చేయి అతనికి గుర్తులేదు. స్త్రీకి ఈ భయము మరింత ఎక్కువ. చీర లాగువాడు ఆమెకు కుమారుడు కాడు, ఎవరో మగవాడు. పెద్దాయనకు తన పంచె విప్పుచున్నది కోడలని తోచినను అంతకంటె పెద్ద సిగ్గు. కొందరు దొంగలు పడిరని అరచుదురు.

భయము కాక నొప్పియు గలదు. కీళ్లు పట్టుకొనియుండును. తొడల మధ్య చర్మము ఒరిసి మండుచుండును. చన్నీళ్లు తగిలిన ఉలికిపడుదురు. మలబద్ధకము ముదిరినప్పుడు గట్టిపడిన మలము ప్రక్కనుండి నీళ్లవలె మలము కారును. ఇంటివారు విరేచనములని తలంచి ఆపు మాత్రలు వేయుదురు. మూత్రపు ఇన్ఫెక్షను, చక్కెర వ్యాధి, ప్రోస్టేటు వాపు, బి.పి.కి ఇచ్చు కొన్ని నీళ్ల మాత్రలు కూడ మూత్రము పట్టు తప్పించును. నిన్నటి వరకు బాగుగా ఉండి ఒకటి రెండు దినములలోనే తడుపుట గాని, కలవరము గాని హెచ్చినయెడల అది ముసలితనము కాదు, డాక్టరునకు చూపవలెను.

మన ప్రాంతములో మరియొక ప్రమాదము గలదు. మూత్రము తగ్గునని తలంచి వృద్ధునికి నీళ్లు త్రాగనియ్యరు. మన వేసవిలో ఎండ 43, 44 డిగ్రీలకు పోవును. నీళ్లు తగ్గినకొలది మూత్రము చిక్కపడి మండును, ఇన్ఫెక్షను పుట్టును, మలము గట్టిపడును, మతి మరింత చెదరును. డాక్టరు వేరుగా చెప్పనంత వరకు పగలు తగినన్ని నీళ్లు, మజ్జిగ, అంబలి ఇచ్చి, పండుకొనుటకు ముందు గంట రెండు గంటలు మాత్రము తగ్గించుట మేలు.

అలజడికి నిద్రమాత్రలు వేసి పండబెట్టుటయు మార్గము కాదు. మత్తులో ఉన్నవాడు మరింత తడుపును, లేవబోయి పడి తుంటి ఎముక విరుగగొట్టుకొనును. మానసిక రోగులకిచ్చు కొన్ని మందులు డిమెన్షియా వృద్ధులలో మరణమును హెచ్చించునని అమెరికా ఔషధ శాఖ 2005లోనే హెచ్చరించెను. డాక్టరు ఆజ్ఞ లేక అట్టి మాత్ర ఒక్కటియు ఇయ్యరాదు.

చేతులు నేర్చిన విధము

ప్రొద్దుటూరు వైపు ఒక వృద్ధుల గృహములో నేను చూచినది చెప్పెదను. రిటైరైన పంతులమ్మ ఒకరు తడిసిన చీరతో కూర్చుండిరి. ఇద్దరు చిన్న వయస్సు ఆయాలు చెరియొక చేయి పట్టుకొని లేపబోగా, ఒకతెను గోళ్లతో రక్కిరి. అప్పుడు వయస్సు మీరిన ఆయా ఒకతె వారిద్దరిని బయటికి పంపి, కొంతసేపు ఊరకుండెను. తరువాత చెంబుతో నీళ్లు తెచ్చి, ఎదుట క్రింద కూర్చుండి, "జేజీ, ఉడుకునీళ్లు తెచ్చినా. చెయ్యి పెట్టి చూడు, చాలునా ఇంకా కాగల్లా?" అనెను. పంతులమ్మ చేయి పెట్టి చూచి, "చాలు" అనిరి. ఆయా ఆమె ఒడిలో పొడి తుండు పరచి, చీర కొంగును ఆమె చేతికే ఇచ్చి పట్టుకొమ్మనెను. తుండు చాటుననే తడిబట్ట దిగెను, పొడిబట్ట ఎక్కెను. పది నిమిషములు పట్టలేదు. ఆ ఆయా ఏ కళాశాలలోను చదువలేదు.

ఆమె చేసిన దానిలో ఉన్న సంగతులను మనమందరము నేర్చుకొనవచ్చును. ఇద్దరు ముగ్గురు మీద పడక, ఒక్కరే ఎదుటినుండి పోవలెను. నిలబడి కాక వారి కంటి ఎత్తున కూర్చుండి, పేరు పెట్టియో వరుస పెట్టియో పిలువవలెను. ఒకసారి ఒక చిన్న మాటయే చెప్పవలెను. "తడిపినావే" అని నలుగురిలో అనరాదు. చన్నీళ్లు పోయరాదు. ఒంటిలో కడుగుచున్న భాగమును మాత్రము తీసి తక్కినది కప్పవలెను. చేతికి ఏదేని పట్టుకొన ఇయ్యవలెను. చేయి ఖాళీగా ఉన్నప్పుడే రక్కును. వద్దన్నప్పుడు ఆగి, పావుగంట తరువాత మరల పోవలెను. మలము అంటిన స్థితిలో ఎక్కువసేపు వదలుట ఒంటికి ప్రమాదము గనుక ఆగుట అనగా మరచిపోవుట కాదు. స్త్రీకి స్త్రీయే చేయుట సాధ్యమైనంత వరకు పాటించవలెను.

తడువకముందే చేయదగినది మరింత ముఖ్యము. మూడు నాలుగు దినములు ఒక కాగితము మీద ఏ వేళకు పోయినది వ్రాసికొనినయెడల వారి వేళలు తెలియును. ఆ వేళకు కొంచెము ముందుగా తోడు తీసికొని పోవలెను. మరుగుదొడ్డి తలుపు తెరచియుంచి, రాత్రి దీపము ఉంచవలెను. పాయిఖానా అని వారు ఎన్నడును వినని మాటలు కాక, "బయటికి పోదామా" అను వారి కాలపు మాటనే వాడవలెను. మంచము మీద చేయలేని అవ్వను, కదలగలిగినయెడల, పెరటి వైపు పెట్టిన కమోడు కుర్చీకి నడిపించి, చుట్టు చీర కట్టి చాటు చేసిన, ఆమెకు బయటికి వచ్చినట్లే తోచవచ్చును. నాడా ముడులకు బదులు సులభముగా విడివడు బట్ట కట్టవలెను. డైపరు ప్రయాణమునకో రాత్రికో సహాయమగును గాని, ఉదయము కట్టి సాయంత్రము విప్పుటకు కాదు. తడిసిన వెంటనే మార్చి, చర్మము ఆరనిచ్చి, ఎఱ్ఱబడిన చోటు కనిపెట్టవలెను.

నేటి స్థితి

మన దేశములో ఈ జబ్బును గూర్చిన సంఘటిత ప్రయత్నము 1992లో కొచ్చిలో ఆల్జైమర్సు సంఘము స్థాపనతో మొదలైనది. 2010లో ఆ సంఘము ప్రకటించిన నివేదికలో దేశమున 37 లక్షల మంది డిమెన్షియా రోగులున్నట్లు అంచనా వేయబడెను. ఆ సంవత్సరమే మనకు పొరుగున బెంగళూరులో నైటింగేల్స్ ట్రస్టువారు డిమెన్షియా రోగులకు ప్రత్యేక కేంద్రము తెరచిరి. 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త సర్వే ప్రకారము అరువది యేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు గలదు. స్త్రీలలోను, పల్లెలలోను ఇది హెచ్చుగా ఉన్నది. అనగా మన పల్లె సంఘములలోని అవ్వలే మొదటి వరుసలో ఉన్నారు.

కడప జిల్లా స్త్రీలు వేలకొలది కువైటు పోయి పరుల ఇండ్లలో వంట చేయుచు, పిల్లలను, ముసలివారిని చూచుకొనుచున్నారు. ఆ సంపాదనతో ఇచ్చట ఇల్లు లేచినది, పిల్లలు చదివిరి. అయితే ఆ స్త్రీ కన్నతల్లిని కడుగుటకు ఇంట ఎవరున్నారు? బీద కుటుంబము పొరుగింటి పిల్లను పెట్టుకొనును. కొంచెము కలిగినవారు వృద్ధాశ్రమము చూచుదురు. ఆశ్రమములో రాత్రివేళ ఇరువది మందికి ఒక ఆయా ఉన్నచోట ఓపిక ఎక్కడ నుండి వచ్చును? ఆ స్త్రీకి చేతి తొడుగులు, శిక్షణ, తగిన జీతము, వారమునకొక విశ్రాంతి దినము లేకుండ, వృద్ధులను గౌరవింపుమని మాత్రము ప్రసంగించుట న్యాయము కాదు.

చట్టము కొంతవరకు ముందునకు వచ్చినది. 2001 ఆగష్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టబడిన 28 మంది మానసిక రోగులు అగ్నిలో మరణించిరి. దేశము కలత చెందెను. 2017 మానసిక ఆరోగ్య చట్టము రోగిని ఏ విధముగనైనను గొలుసులతో కట్టుటను నిషేధించినది. 2007 చట్టము తలిదండ్రుల పోషణ పిల్లల బాధ్యత అని విధించినది. మన రాష్ట్రములో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలకును, పక్షవాతము మొదలగు వాటిచేత పూర్తిగా మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 రూపాయలకును పెంచబడెను. అర్హులైన కుటుంబములకు ఈ సంగతి తెలుపుటయు పరిచర్యయే.

సంఘము చేయదగినది

నోవహు మత్తులో వస్త్రహీనుడై పడియున్నప్పుడు ఒక కుమారుడు చూచి బయట చెప్పెను. తక్కిన ఇద్దరు వస్త్రమును భుజముల మీద వేసికొని, ముఖములు త్రిప్పుకొని, వెనుకకు నడచి తండ్రిని కప్పిరి. తుండు కప్పి తుడుచు విధమును మన చిన్నపిల్లలకు నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు. మన ప్రభువు శిష్యుల పాదములు కడుగబోయినప్పుడు పేతురు సహాయమును ఎదిరించెను. ప్రభువు అతని కాలిని బలముగా లాగలేదు. అతనికి మాట చెప్పెను, అతడు ఒప్పుకొనిన తరువాతనే కడిగెను. ఆ పేతురుతోనే, నీవు ముసలివాడవైనప్పుడు వేరొకడు నీ నడుము కట్టి నీకు ఇష్టము కాని చోటికి నిన్ను తీసికొనిపోవునని కూడ చెప్పెను. ఆ మాట అతని మరణమును గూర్చినదని సువార్తికుడు వ్రాసెను. అయినను ఇతరుల చేతిలో పడిన ప్రతి వృద్ధుని స్థితి ఆ మాటలో కనబడుచున్నది.

కావున ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి పాస్టరేటు మూడు పనులు తలపెట్టవచ్చును. మొదటిది, స్త్రీల సహవాసము ఆధ్వర్యమున, అనుభవముగల నర్సమ్మలను ఆయాలను పిలిచి, ఒక్క శనివారము శిక్షణ జరుపుట. దానికి పురుషులును, యౌవనస్థులును తప్పక రావలెను. రెండవది, ఇంట మతిమరపు వృద్ధులున్న కుటుంబముల పట్టీ వ్రాసి, ఆదివారము రెండు గంటలు ఒకరు పోయి కూర్చుండుట. ఏండ్ల తరబడి ఆరాధన ఎరుగని కోడండ్రు మన సంఘములలో గలరు. వారికి ఆ రెండు గంటలు వరము. మూడవది, జమ్మలమడుగు మొదలుకొని మన ఆసుపత్రులలో పనిచేసిన ఆయాల పేర్లను, ఎరిగిన పెద్దలు బ్రదికియుండగనే, అడిగి వ్రాసియుంచుట. కట్టడములకు దానమిచ్చినవారి పేర్లు రాతి మీద ఉన్నవి. ఈ స్త్రీల పేర్లు కనీసము కాగితము మీదనైన ఉండవలెను.

పనులు చేయువారి చేతులను ప్రభువు బలపరచును గాక. ఆ చేతులు మెత్తగా ఉండుటకు కావలసిన విశ్రాంతిని, కూలిని, గౌరవమును ఇచ్చు బుద్ధిని మన సంఘములకు అనుగ్రహించును గాక.